మూడు బొట్ల డబ్బా

"ఏ డబ్బాలోవి?" గంగాధర్ మళ్ళీ అడిగాడు. "నిన్నే సంజీవక్కా. ఏ డబ్బాలో పెసలు వండినావు?"

సంజీవమ్మ చేతిలో గరిటె అట్లాగే గాలిలో ఉండిపోయింది.

"నడిమి డబ్బాలోవి నాయనా."

"దాని మీద ఎన్ని బొట్లుండె?"

"మూడు."

"తక్కినవాటి మీద?"

"అన్నిటికీ మూడే గదా. కడాపటి శ్రావణ శుక్రవారమని డబ్బాలన్నీ కడిగి, పసుపు రాసి నేనే పెట్టినా. కొత్త పెండ్లికూతురుండే ఇల్లు, మొదటి శ్రావణం. ఒకదానికి ఒకటి, ఒకదానికి రెండు, యాడాడో ఉండె. చూసేదానికి బాగుంటాదా?"

గంగాధర్ గోడకు చెయ్యి ఆనించాడు.

అరుణజ్యోతి వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆమె చేతిలో ఖుబ్బూసు రొట్టెల పొట్లం ఇంకా వెచ్చగా ఉంది. ఆ గురువారం పొద్దు పొడవకముందే మొగుడూ పెళ్ళాలిద్దరూ వెళ్ళి ఫహాహీల్ బేకరీ ముందు వరసలో నాలుగు గంటలు నిలబడితే, పది రొట్టెలు దొరికాయి. రొట్టెలిచ్చే ఇరానీ తాత ఆమె కొత్త పసుపుతాడు చూసి, "అరూస్! పెళ్ళికూతురు!" అని నవ్వి పదకొండోది పైన పడేశాడు. ఆ పదకొండో రొట్టెను మెట్లెక్కుతూ ఇద్దరూ తుంచుకుని తిన్నారు. వీధి చివర ఇరాక్ వాళ్ళ ట్యాంకు ఉంటే ఉండనీ, వేడి రొట్టె వేడి రొట్టే. మూడో అంతస్తు చేరేదాకా ఆమె నవ్వుతూనే ఉంది.

"ఎవరు తిన్నారు?" అని అడిగింది.

ముందుగదిలోంచి ఎదురింటి జీనత్ గొంతు వినబడింది.

"సంజీవక్కా, ఇంగొక గరిటె ఉంటే వెయ్యవా? నా కొడుకు లోపల తంతాండాడు."

జీనత్‌కు ఆరో నెల.

*

డబ్బాలు మూడూ ఒకే తీరువి. పెద్ద పాలపొడి డబ్బాలు. మూడింట్లోనూ పెసలే. చూస్తే తేడా తెలియదు.

గంగాధర్ పని చేసేది సులైబియాలోని ఒక పరిశోధన తోటలో. ఉప్పు తేలిన ఇసుకలో బతికే పెసర కోసం అక్కడ వెంకటసత్యనారాయణ గారనే గోదావరి జిల్లా శాస్త్రవేత్త ఆరేళ్ళుగా తంటాలు పడుతున్నాడు. ఆయన పద్ధతి ఇది: పెసల్లో ఒక వంతు ఉన్నవి ఉన్నట్టు ఉంచుతాడు. ఒక వంతుకు గామా కిరణాలు పట్టిస్తాడు. ఇంకొక వంతును ఈఎంఎస్ అనే మందునీళ్ళలో నానబెట్టి, కడిగి, ఆరబెడతాడు. కిరణాలైనా మందైనా చేసేది ఒకటే పని, గింజ లోపలి గుణాన్ని కదిలించడం. కదిలినవాటిలో చాలా మటుకు మొలవవు, మొలిచినా గిడసబారిపోతాయి. వేలల్లో ఒకటి మాత్రం ఎవరూ అనుకోని గుణంతో లేస్తుంది. ఆ ఒక్కదాని కోసమే ఆయన పడిగాపులు.

జూలైలో ఆయన సెలవు మీద ఊరికి పోయాడు. ఆగస్టు రెండున ఇరాక్ సైన్యం దిగింది. తోటలో పైపులూ మోటార్లూ పీక్కుపోతుంటే గంగాధర్ చూస్తూ ఉండలేక మూడు డబ్బాలు ఎత్తుకొచ్చాడు. జీనత్ మొగుడు హుస్సేన్ పీరా నడిపే నీళ్ళ ట్యాంకరులో, సీటు కింద పెట్టుకుని. ఒక డబ్బా మీది చీటీకి కిరణాల గుర్తు ఉంది. చెక్‌పోస్టులో ఎవడైనా చూస్తే బాంబు సామాను అంటాడని దారిలోనే చీటీలన్నీ గీకేశాడు. ఇంటికొచ్చాక పెన్నుతో రాయడానికీ భయమే. ఇళ్ళు సోదా చేస్తున్నారు.

"బొట్లు పెడదాం," అన్నాడు ఆ రోజు, భార్య కుంకుమ భరిణె తీసుకుని. "హిందువుల వంటింట్లో బొట్టు డబ్బాను ఎవడూ అనుమానించడు. ఏమీ పెట్టని గింజలకు ఒక బొట్టు. కిరణాలవాటికి రెండు. మందువాటికి మూడు."

"నాకు గుర్తుండేదెట్లా?" అంది అరుణజ్యోతి.

"ఒకటంటే నువ్వు. రెండంటే మనమిద్దరం. మూడంటే…"

ఆమె చప్పున అతని నోరు మూసింది. పెళ్ళయి అప్పటికి పదకొండు వారాలు. ఆ మాటను మూడు రోజులు లోలోపల నెమరేసుకుంది. బొట్ల సంగతి తమ ఇద్దరి మధ్యే ఉండే ముచ్చట అనుకుంది గానీ, వంటింట్లో మసలే సంజీవమ్మకు ఒక్క మాట చెప్పాలని తోచలేదు.

*

"ఆమెకు చెప్పలేదా నువ్వు?" గంగాధర్ గొంతు తగ్గించి అడిగాడు.

"మీరే కదా ఎవరికీ చెప్పొద్దంది."

"ఏముందో చెప్పొద్దన్నా. తాకొద్దని చెప్పొద్దన్నానా?"

"విషం తెచ్చి పోపు డబ్బా పక్కన పెట్టిందెవరండీ?"

"నా మీదికే వస్తాండావా ఇప్పుడు?"

"ఇంకెవరి మీదికి రాను?"

పెళ్ళయ్యాక అదే వాళ్ళ మొదటి నిజమైన పోట్లాట. అతను ఆమె వైపు చూడకుండా కిటికీ వైపు తిరిగాడు. బాంబు దాడి భయంతో అద్దాలకు అడ్డంగా నిలువుగా అంటించిన గోధుమరంగు టేపు మీద అతని చూపు ఆగింది.

సంజీవమ్మ గరిటె కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది. లక్కిరెడ్డిపల్లె మనిషి. తొమ్మిదేళ్ళు ఒకే ఇంట్లో చాకిరీ చేసింది. మామా అని పిలిచే ఆ ఇంటి యజమానురాలు, పిల్లలు వేసవికని కైరో పోయి ఉండగా యుద్ధం వచ్చింది. మూడో రోజున కాలి చెప్పులతో నడిచొచ్చి ఈ ఇంటి తలుపు తట్టింది. ఆనాటి నుంచి రెండిళ్ళకూ ఒకే పొయ్యి, సంజీవమ్మ వంట.

"నేనేమన్నా తప్పు చేసింటినా నాయనా?"

"ఎవరు తాకమన్నారు వాటిని?" గంగాధర్ కసిరాడు. "అడగల్లని తెలీదా?"

"బియ్యం అయిపోయె. పిల్ల కడుపుతో ఉండాది. పెసలుండె. వండితి."

గంగాధర్ గిన్నె మీద మూత పెట్టి పక్కకు జరిపాడు.

*

హుస్సేన్ పీరా కింది నుంచి నీళ్ళ డబ్బాలు మోసుకొచ్చి, సంగతి విని, డబ్బాలు దబ్బుమని దించాడు.

"కిరణాలా? గంగన్నా, కిరణాల గింజలా? నా ట్యాంకరులో, నా సీటు కిందా?"

"అరవద్దు పీరా. జీనత్ వింటాది."

"నేను దాని మీద కూర్చొని జహ్రా దాకా పోయి వస్తిని! యా అల్లా!"

"పీరా, ఇట్ల చూడు. చెయ్యి విరిగితే ఎక్స్‌రే తీస్తారు గదా. ఎక్స్‌రే తీయించుకున్నోడి చెయ్యి పట్టుకుంటే నీకేమన్నా తగులుతుందా?"

"తగలదు."

"ఇదీ అంతే. కిరణం గింజలో నుంచి దూసుకొని పోయింది. గింజలో ఏమీ నిలబడి ఉండదు. ఆ గింజ సరిగ్గా మొలవదేమో గానీ, తిన్నోళ్ళకేమీ కాదు."

పీరా సగం నమ్మాడు. "సరే. మందువైతే?"

గంగాధర్ డబ్బాల వైపు చూశాడు.

"మందు కడిగినారంటివి గదా? మా రాయచోటి సంతలో వంకాయలకు కొట్టని మందుందా? కడుక్కొని తినడం ల్యా?"

"అది ఆ మందు కాదు." గంగాధర్ మెల్లగా అన్నాడు. "సార్ దాన్ని గ్లౌజులు లేకుండా ముట్టనిచ్చేవాడు కాదు. కడిగిన నీళ్ళు కూడా తోటలో పారనిచ్చేవాడు కాదు. గింజ లోపలి గుణాన్ని తిప్పేసే మందు. గింజలోనే అంత పని చేస్తే…"

ముందుగదిలో జీనత్ ఏదో కూనిరాగం తీస్తోంది.

"తింటే ఏమవుతాది?" పీరా అడిగాడు.

"తినొద్దని రాసి ఉంటుంది. తింటే ఏమవుతుందో ఎవరూ రాయరు."

అరుణజ్యోతి రొట్టెల పొట్లం పక్కన పెట్టింది. తిరుపతిలో వృక్షశాస్త్రం ఎమ్మెస్సీ చదివిన పిల్ల. మూడు డబ్బాల మూతలూ తీసి, పిడికెడు చొప్పున మూడు పళ్ళేల్లో పోసింది.

"మొలకెత్తించి చూద్దాం," అంది. "ఏమీ పెట్టని గింజ బాగా మొలుస్తుంది. తక్కిన రెండూ తడబడతాయి. నడిమి డబ్బావి బాగా మొలిస్తే, జీనత్ తిన్నవి మామూలు పెసలే. ఖలాస్, భయం లేదు."

"మొలవకపోతే?"

"ముందు మొలవనీండి."

పాత నూలు చీర చించి మూడు గుడ్డలు చేసింది. ఒక్కో దాంట్లో యాభై గింజలు లెక్కపెట్టి పోసి, తడిపి, చుట్టి, ఏ డబ్బావి ఆ డబ్బా ముందు పెట్టింది. పొయ్యి పక్కది, నడిమిది, కిటికీ దగ్గరది.

*

జీనత్‌కు చెప్పొద్దని పీరా, చెప్పాలని అరుణజ్యోతి. శుక్రవారం పొద్దంతా అదే వాదం. ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే అందరూ ఆమెను చూశారు. ఆమె నీళ్ళు తాగితే చూశారు, ఆవలిస్తే చూశారు.

మధ్యాహ్నం జీనత్ పళ్ళెం పక్కకు నెట్టింది.

"ఏంది అందరూ నన్నట్ల చూస్తాండారు? నాకేమన్నా కొమ్ములు మొలిచినాయా? ఏమయ్యా, నువ్వు చెప్పు."

"ఏం లేదు. తిను."

"నీ గొంతులో ఏమో ఉంది. అక్కా, నువ్వన్నా చెప్పు."

అరుణజ్యోతి చెప్పింది. దాచకుండా, డబ్బాలూ బొట్లూ మందూ అన్నీ. చెబుతూ చెబుతూ జీనత్ చెయ్యి పట్టుకోబోయింది.

జీనత్ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఏడవలేదు, అరవలేదు. అరచెయ్యి పొట్ట మీద ఆనించి, తల కొంచెం వంచి, లోపల ఎవరో మాట్లాడబోతుంటే వింటున్నదానిలా కూర్చుంది. పీరా నేల చూస్తున్నాడు.

"తన్నడం ల్యా," అంది జీనత్.

"నిద్రపోతాంటాడు," అంది సంజీవమ్మ. "ఈ యాళకు పడుకుంటారు బిడ్డలు."

"నీకేం తెలుసు? వండి పెట్టిందే నువ్వు!"

సంజీవమ్మ గమ్మున లేచి లోపలికి పోయింది. ఆమె పళ్ళెంలో రొట్టె ముక్క తాకకుండా అట్లాగే ఉంది. జీనత్ అన్న మాట తప్పని గానీ, అలా అనకూడదని గానీ ఎవరూ అనలేదు. అరుణజ్యోతి కూడా అనలేదు.

పావుగంటకు జీనత్ ఉలిక్కిపడింది. "ఆఁ… తన్నినాడు." అప్పుడు ఏడ్చింది.

*

శనివారం పొద్దున అరుణజ్యోతి మూటలు విప్పింది.

పొయ్యి పక్కది ముందు విప్పింది. ఎన్నిసార్లు చూసినా ఆ దృశ్యం ఆమెకు కొత్తే. గింజ గింజకూ తెల్లటి తోక, ఒకదానిలో ఒకటి చిక్కుకుని, పాలదంతాల్లా మెరుస్తూ. యాభైలో నలభై ఎనిమిది. ఒక్క క్షణం ఎందుకు చూస్తోందో మరిచిపోయి, "ఏమండీ, ఎంత ముద్దుగా ఉన్నాయో చూడండి!" అనేసింది. అని, నాలుక కరుచుకుంది.

నడిమిది విప్పింది. ముప్ఫై మొలిచాయి. వేళ్ళు పొట్టివి, వంకర తిరిగినవి.

కిటికీ దగ్గరది విప్పింది. ఇరవై రెండు. వేరు కొసలు గోధుమరంగుకు తిరిగాయి.

"అయితే నడిమివి మామూలువి కావు," అన్నాడు గంగాధర్.

"కావు."

"కిరణాలవా, మందువా?"

"మొలకను చూస్తే తెలియదండీ. రెండూ గింజను ఒకేలా కొడతాయి."

వెనక నుంచి పీరా, "ఇంత చదువుకొని ఇదేనా వదినా?" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. బతిమాలుతున్నాడు. ఆ గొంతు వినలేక ఆమె ఎండు గింజలున్న పళ్ళేల ముందు కూలబడింది. నడిమివి కొన్ని, కిటికీ దగ్గరివి కొన్ని అరచేతిలో వేసుకుని వేలితో అటూ ఇటూ తోసింది. ఎండు గింజలు. గలగలమన్నాయి.

ఎండు గింజలు!

"ఏమండీ, మందువి నానబెట్టినవే కదా?"

"ఆరు గంటలు. తరవాత కడిగి ఆరబెట్టినాం."

"కిరణాలవి?"

"వాటికి నీళ్ళు తగల్లేదు. ఎండువే పంపినాం, ఎండువే వచ్చినాయి."

ఆమె అప్పటికే లేచి నిలబడింది. "ఒకసారి నాని ఎండిన గింజకు పొట్టు వదులవుతుంది. మళ్ళీ నీళ్ళలో వేస్తే గబగబా తాగేస్తుంది. ఎప్పుడూ నానని గింజ మొండికేస్తుంది, గంటలు పడుతుంది. మనం మొలకల కోసం చూశాం. చూడాల్సింది ఉబ్బడం!"

రెండు గాజు గ్లాసులు. ఒక్కో దాంట్లో ఇరవై గింజలు. పదిన్నరకు నీళ్ళు పోసింది. నలుగురూ గ్లాసుల చుట్టూ కూర్చున్నారు. జీనత్ కుర్చీలో, పీరా నేల మీద, గంగాధర్ భార్య పక్కన. పొద్దున నుంచి నడుం నొప్పని సంజీవమ్మ వంటింట్లోనే పడుకుంది.

పదకొండున్నరకు కిటికీ దగ్గరి డబ్బావి ఉబ్బడం మొదలుపెట్టాయి. ఒకటి, మూడు, ఏడు. నడిమి డబ్బావి గ్లాసు అడుగున రాళ్ళలా కదలకుండా ఉన్నాయి.

పన్నెండున్నరకు కిటికీ డబ్బావి ఇరవైలో పందొమ్మిది లావెక్కాయి. నడిమివాటిలో మూడింటి పొట్టు మాత్రం ముడతలు పడింది.

అరుణజ్యోతి ఇంకో అరగంట ఆగింది. తొందరపడకూడదని తిరుపతిలో మాస్టారు చెప్పేవాడు. అరగంట తరవాత కూడా అంతే.

"నడిమివి కిరణాలవి," అంది. "జీనత్, నువ్వు తిన్నవి కిరణాలవి. ఏమీ కాదు. నీకూ ఏమీ కాదు, వాడికీ ఏమీ కాదు."

జీనత్ ఆమెను రెండు చేతులతో పట్టుకుని భుజం మీద తల పెట్టింది. పీరా లేచి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచాడు. "గంగన్నా, ఈ మాట మీద నేను పోయి, ఊరికి పోయేదానికి అమ్మాన్ బస్సుకు పేర్లు రాయించి వస్తా. యల్లా! అందరివీ!" తన పాత కారు తాళంచెవి వెతుక్కుంటూ నవ్వుతున్నాడు. గంగాధర్ భార్య జడ కొస పట్టుకుని ఎవరూ చూడకుండా ఒకసారి లాగాడు. గురువారం నుంచి ఆమెను తాకలేదు అతను. ఆమె ముఖం విచ్చుకుంది.

*

మందు డబ్బాను ముందు వంటింట్లోంచి తీసేయాలి. అరుణజ్యోతి పాట పాడుకుంటూనే లోపలికి వెళ్ళి కిటికీ దగ్గరి డబ్బా ఎత్తింది.

తేలిగ్గా ఉంది.

మూడూ అంచుల దాకా నిండుగా తెచ్చినవే. గురువారం పిడికెడు తీసినప్పుడు ఆ తొందరలో లోపలికి సరిగా చూడలేదు. ఇప్పుడు మూత తీసి చూసింది. మూడో వంతు పైగా లేవు.

"సంజీవక్కా."

గోడవైపు తిరిగి పడుకున్న సంజీవమ్మ ఇటు తిరిగింది.

"ఇందులోవి ఎవరు తీశారు?"

"నేనే అమ్మా."

"ఎవరికి పెట్టినావు?"

"ఎవరికీ పెట్టలా. మొలకలు కడదామని ఆ శ్రావణ శుక్రవారం నానేస్తి. సగం మొలవనే ల్యా. అట్లాంటివి మీకు పెట్టేదానికి మనసు రాక, పారేసేదానికీ మనసు రాక, నేనే నమిల్తి. రొట్టెలు చాలడంల్యా గదా. మర్నాటి నుంచి దినమూ రవ్వంత."

అరుణజ్యోతి వేళ్ళ మీద లెక్కపెట్టింది. పోయిన శనివారం. ఆదివారం. గురువారం దాకా.

"ఎందుకు చెప్పలేదు? గురువారమే ఎందుకు చెప్పలేదక్కా?"

"మీరడిగింది జీనత్ ఏం తినిందని గదమ్మా." సంజీవమ్మ గొంతులో నిష్ఠూరం లేదు. ఉన్న సంగతి చెబుతున్నట్టే ఉంది. "ముందు ఆ పిల్ల కత తేలనీలే అనుకుంటి. తేలింది గదా. నాకేముందిలే, నేనేమన్నా కడుపుతో ఉండానా?"

లేవబోయి, పొట్ట పట్టుకుని మళ్ళీ వాలింది. చాప పక్కన గిన్నె ఉంది. గిన్నె మీద పళ్ళెం బోర్లించి ఉంది. లోపల ఏముందో అరుణజ్యోతి మూత తీయకుండానే వాసనను బట్టి తెలుసుకుంది.

"ఎప్పటి నుంచి కక్కుతున్నావు?"

సంజీవమ్మ గిన్నెను గోడ వైపుకు జరిపింది.

బయట తలుపు తెరిచిన చప్పుడైంది. మెట్ల మీద పీరా చెప్పులు టపటపమంటున్నాయి.

"ఏమండీ!" అరుణజ్యోతి కేక వేసింది. "పీరాను ఆపండి! కారు కావాలి!"

ముందుగదిలో నవ్వులు ఆగిపోయాయి. జీనత్ కుర్చీ కిర్రుమంది. గంగాధర్ గుమ్మంలోకి వచ్చి, భార్య వైపు, ఆమె చేతిలో డబ్బా వైపు చూశాడు. కింద పడుకున్న మనిషి వైపు చూడలేదు.

"కారా?" అన్నాడు. "ఎవరికి?"